పేడ పరీక్షలో గుడ్లు లేవన్నారు, ఆవు దవడ కింద వాపు మాత్రం తగ్గడం లేదు: పురుగులను సరిగా నిర్ధారించేది ఎలా?

ప్రశ్న: పాడి రైతు, శింగనమల ప్రాంతం, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. మాకు ఐదు సంకరజాతి ఆవులు, మూడు ఎనుములు, నాలుగు దూడలు ఉన్నాయి. సెప్టెంబరులో చెరువుకు నీళ్లు చేరినప్పటి నుంచి పెద్ద పశువులను పగటిపూట చెరువు అంచున, వరి మళ్ల గట్ల మీద మేపి, సాయంత్రం కొట్టంలో వరిగడ్డి, శెనక్కాయ కట్టె, కొంచెం దాణా వేస్తున్నాము. సంక్రాంతి తర్వాత రెండు ఆవులు పాలు తగ్గించాయి. వాటి వెంట్రుకలు నిగారింపు పోయి బిరుసెక్కాయి, మేత మాత్రం మానలేదు. వాటిలో ఒకదానికి దవడ కింద మెత్తటి వాపు వస్తున్నది. మేత నుంచి తిరిగి వచ్చే సాయంత్రానికి అది బాగా కనిపిస్తుంది, తెల్లవారేసరికి చాలావరకు తగ్గిపోతుంది. జ్వరం లేదు. పేడ ఒకనాడు పలుచగా, ఒకనాడు మామూలుగా ఉంటున్నది.

డిసెంబరులో అన్నింటికీ ఫెన్‌బెండజోల్ బిళ్లలు వేశాము కాబట్టి పురుగుల సమస్య ఉండదనుకున్నాము. అయినా అనుమానం తీరక ఫిబ్రవరి మొదటి వారంలో పేడ పరీక్ష చేయిస్తే, గుడ్లేమీ కనిపించలేదని చెప్పారు. ఒక్కసారి గుడ్లు కనిపించకపోతే పురుగులు లేనట్టేనా? ఏ పరీక్ష చేయమని అడగాలి? ఇరుగుపొరుగు వారు ఐవర్‌మెక్టిన్ సూది వేయించమంటున్నారు, తెలియకుండా ఇంకో మందు వేయడం నాకు ఇష్టం లేదు.

మరో సంగతి. నెల వయసున్న ఎనుము దూడకు పొట్ట పెద్దదైంది, పేడ బూడిదరంగులో బంకమట్టిలాగా వస్తున్నది, నోటి నుంచి పుల్లటి వాసన వస్తున్నది. ఇది కూడా ఆవులకు వచ్చిన జబ్బేనా?

సమాధానం: పశువైద్యుడు, కడప జిల్లా

నమస్కారం. మీరు వివరాలు జాగ్రత్తగా రాశారు కాబట్టి కొంత విడమరచి చెప్పడానికి వీలవుతున్నది. ముందుగా దూడ సంగతి చెబుతాను, అందులో ఆలస్యం చేయకూడదు. మీరు చెప్పిన వయసు, పొట్ట, పేడ రంగు, నోటి వాసన అన్నీ ఏలిక పాములను, అంటే టాక్సోకారా విటులోరమ్‌ను సూచిస్తున్నాయి. ఇది దూడకు గడ్డి నుంచి రాదు. తల్లి శరీరంలో నిద్రాణంగా ఉన్న పిల్ల పురుగులు ఈనిన తర్వాత తొలి రోజుల పాలలోకి దిగి, ఆ పాలతోనే దూడ పేగుల్లోకి చేరతాయి. సుమారు మూడు వారాల వయసు నుంచి దూడ పేడలో గుడ్లు కనిపిస్తాయి, ఆ గుడ్లకు మందమైన, గుంటలు పడినట్టుండే పెంకు ఉంటుంది కాబట్టి సూక్ష్మదర్శినిలో వాటిని గుర్తుపట్టడం సులువు. గ్రాము పేడలో వేల సంఖ్యలో ఉంటాయి గనుక ఒక్క చుక్క పేడను నీటిలో కలిపి చూసినా దొరుకుతాయి. రేపే ఆ దూడ పేడను పరీక్ష చేయించి, దాని తూకం చూపించి మందు తాగించండి. పురుగులు మరీ ఎక్కువైతే పేగు మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఇకమీదట మీ కొట్టంలో పుట్టే ప్రతి ఎనుము దూడకు 10 నుంచి 16 రోజుల వయసు మధ్య, పరీక్ష కోసం ఎదురుచూడకుండా, డాక్టరు చెప్పిన మోతాదులో పైరాంటెల్ లేదా పిపరజిన్ వంటి మందు ఒకసారి ఇవ్వడం మంచిది. ఆ వయసుకు పురుగు ఇంకా గుడ్లు పెట్టదు, కాబట్టి పరీక్ష చేసినా ప్రయోజనం ఉండదు. పరీక్ష లేకుండా మందు ఇవ్వమని నేను నిస్సంకోచంగా చెప్పే సందర్భం దాదాపుగా ఇదొక్కటే.

ఇక ఆవులు. గుడ్లు కనిపించలేదన్న మాటకు అర్థం, ఆ రోజు ఆ పద్ధతిలో చూసిన ఆ కొంచెం పేడలో గుడ్లు దొరకలేదని మాత్రమే. మీ ఆవుల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. పేడ పరీక్ష ఒకే పరీక్ష కాదు. పేడను నేరుగా నీటి చుక్కలో కలిపి గాజుపలక మీద చూడటం మొదటి పద్ధతి, అందులో చూసేది మిల్లీగ్రాముల పేడ గనుక గుడ్లు తక్కువగా ఉంటే దొరకవు. రెండోది తేలించే పద్ధతి. ఉప్పును ఇక కరగనంత వరకూ కలిపిన నీటిలో పేడను కలిపి వడకట్టి ఉంచితే, గుండ్రటి పురుగుల గుడ్లు, కాక్సిడియా అనే పేగు సూక్ష్మజీవుల గుడ్లు, బద్దె పురుగుల గుడ్లు తేలికగా ఉండి పైకి చేరతాయి. కానీ కార్జంలో, పొట్టలో ఉండే జలగ పురుగుల (ఫ్లూక్‌ల) గుడ్లు బరువైనవి, అవి ఆ ఉప్పునీటిలో తేలవు. అందుకే వాటికి అడుగుకు దించే పద్ధతి వేరుగా ఉంది. కొన్ని గ్రాముల పేడను ఎక్కువ నీటిలో కలిపి, వడకట్టి, కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి, పైనీటిని వంపేసి, నీరు తేటపడే వరకు అలాగే మళ్లీ మళ్లీ చేసి, చివరకు అడుగున మిగిలిన మడ్డిని చూస్తారు. అందులో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే పేడలోని పీచు నీలంగా మారుతుంది, కార్జపు జలగ గుడ్డు మాత్రం బంగారు పసుపు రంగులోనే ఉండిపోతుంది. పొట్ట జలగ గుడ్డు కూడా పరిమాణంలో దాదాపు అంతే ఉంటుంది, కానీ దానికి రంగు ఉండదు. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పమని తప్పకుండా అడగండి, ఎందుకంటే వాటి ప్రాధాన్యం వేరు, మందు కూడా వేరు కావచ్చు.

మీ ఆవులు సెప్టెంబరు నుంచి చెరువు అంచున మేశాయి. మన ప్రాంతంలో వానలు తక్కువ కాబట్టి జలగల జబ్బు ఉండదని చాలామంది అనుకుంటారు. మెట్ట పొలాల్లో మేసే పశువుల వరకు అది చాలావరకు నిజమే. కానీ చెరువుల కింద, తుంగభద్ర కాలువల కింద, కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద తడి ఆరని చోట్ల లిమ్నియా జాతి నత్తలు ఉంటాయి, కార్జపు జలగ పిల్లదశలు పెరిగేది వాటిలోనే. నత్త నుంచి బయటపడిన పిల్లదశలు గడ్డికి, వరి మొదళ్లకు అంటుకుని, పైన పొర కట్టుకుని పశువు నోటి కోసం ఎదురుచూస్తాయి. మన దగ్గర ఉండే ఫాసియోలా జైగాంటికా అనే జలగ పశువు కడుపులోకి చేరిన తర్వాత కార్జాన్ని తొలుచుకుంటూ పెరిగి, పైత్యనాళాల్లో స్థిరపడి గుడ్లు పెట్టడానికి సుమారు మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. అంతకాలమూ పశువు నష్టపోతూనే ఉంటుంది, పేడలో ఒక్క గుడ్డు కూడా ఉండదు. గుడ్లు మొదలైన తర్వాత కూడా అవి పైత్యరసంతో పాటు ఆగి ఆగి వస్తాయి గనుక ఒకనాడు దొరకకపోవచ్చు. మీరు పరీక్ష చేయించిన సమయానికి మీ ఆవుల్లోని జలగలు కొన్ని అప్పుడప్పుడే ఎదిగి ఉండవచ్చు, పైగా చేసిన పద్ధతి తేలించేదైతే ఉన్న గుడ్లు కూడా కనబడవు. డిసెంబరులో మీరు వేసిన ఫెన్‌బెండజోల్ గుండ్రటి పురుగుల మీద బాగా పనిచేసే మందే కానీ, జలగల మీద పనిచేయదు. ఇప్పుడు సలహా ఇస్తున్న ఐవర్‌మెక్టిన్ కూడా జలగలను ఏమీ చేయదు, పాలిచ్చే ఆవులకు దాన్ని వాడకూడదు కూడా.

దవడ కింద వాపు సాయంత్రం పెరిగి తెల్లవారికి తగ్గడం గురించి ఒక మాట. రక్తంలో ప్రొటీను తగ్గినప్పుడు నీరు కణజాలంలోకి ఊరుతుంది, పగలంతా తల వంచి మేయడం వల్ల అది దవడ కిందికి దిగుతుంది, రాత్రి తల ఎత్తి పడుకున్నప్పుడు సర్దుకుంటుంది. ఈ లక్షణం జలగలతో పాటు రక్తం పీల్చే హీమాంకస్ వంటి పురుగుల్లో కూడా వస్తుంది, పురుగులకు సంబంధం లేని, బాక్టీరియా వల్ల పేగులకు వచ్చే జోనీస్ వ్యాధిలో కూడా వస్తుంది. అందువల్ల వాపును చూసి మందు వేయడం కన్నా, అడుగుకు దించే పద్ధతిలో మళ్లీ పరీక్ష చేయించడం సరైనది. రెండు జబ్బు ఆవులవి మాత్రమే కాకుండా, వాటితో కలిసి మేసిన మిగతా వాటిలో కనీసం రెండింటి పేడ కూడా ఇవ్వండి.

సమాధానం: రైతు, కె.సి. కాలువ ఆయకట్టు, కర్నూలు వైపు

డాక్టరు గారు కాలువల గురించి చెప్పింది మా అనుభవానికి సరిపోతుంది అన్నా. నేను ఒక్క విషయం కలుపుతాను. మా దగ్గర కాలువకు నీళ్లు కట్టేసిన (ఆపేసిన) తర్వాత, గుంటల్లో మిగిలిన నీళ్ల దగ్గర పచ్చిక ఉంటుందని పశువులు అక్కడే గుమిగూడతాయి. కొన్ని వారాలకు ఏడాది, ఏడాదిన్నర వయసు పెయ్యలకు నీళ్లలాంటి, భరించలేని వాసనతో కూడిన పారుడు పట్టుకుంటుంది. పేడ పరీక్షలో మాత్రం గుడ్లు ఉండవు. పొట్ట జలగల పిల్లలు చిన్నపేగు మొదట్లో అంటుకుని ఆ గోడను కొరకడం వల్ల ఇలా జరుగుతుందని, అవి పెరిగి పెద్దపొట్టలోకి వెళ్లిన తర్వాతే గుడ్లు పెడతాయని మాకు పశువుల ఆసుపత్రిలో వివరించారు. అలాంటప్పుడు పారుడు నీళ్లను సన్నటి జల్లెడలో పోసి శుభ్రమైన నీటితో కడిగి చూస్తే, లేత గులాబీ రంగులో బియ్యపు గింజకన్నా చిన్న జలగ పిల్లలు కంటికే కనిపించవచ్చు. అవి కనిపిస్తే సీసాలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మేము ఇప్పుడు కాలువ కట్టేసినప్పటి నుంచి ఆ గుంటల వైపు పెయ్యలను తోలడం మానేశాము, బోరు నీళ్లు తొట్టిలో పోసి తాపుతున్నాము.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. దూడకు ఈ రోజే పరీక్ష చేయించాము, ఏలిక పాముల గుడ్లు చాలా ఉన్నాయని చెప్పి మందు తాగించారు. ఆవుల పేడ ఎలా తీయాలో, ఎంత తీయాలో, ఎక్కడికి పంపాలో కూడా చెప్పండి. అలాగే మా బంధువులకు గొర్రెలు ఉన్నాయి. వారు కనురెప్ప లోపలి రంగును ఒక రంగుల అట్టతో పోల్చి మందు వేస్తారు. అది ఆవులకు పనికొస్తుందా? గ్రాముకు ఇన్ని గుడ్లు అని లెక్కపెట్టే పరీక్ష కూడా ఉందంటున్నారు, మా ఆవులకు అది చేయించాలా?

సమాధానం: పశువైద్యుడు, కడప జిల్లా

పేడను నేల మీద నుంచి ఎత్తకుండా, చేతికి తొడుగు వేసుకుని నేరుగా పాయువు నుంచి తీయడం అన్నింటికన్నా మంచిది. నేల మీద పడిన పేడలోకి మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు చేరతాయి, అవి సూక్ష్మదర్శినిలో కనిపిస్తే లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. అలా తీయడం వీలు కాకపోతే, ఆవు పేడ వేసిన వెంటనే నేల తాకని పైభాగం నుంచి తీసుకోండి. ఒక్కో పశువుకు 20 గ్రాముల దాకా తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో గాలి మిగలకుండా నింపి, పశువు పేరు లేదా చెవిపోగు అంకె, వయసు, తేదీ, చివరిసారి ఇచ్చిన మందు పేరు రాసి అతికించండి. ఆ చివరి వివరం చాలామంది రాయరు, ఫలితానికి అర్థం చెప్పడానికి మాకు అన్నిటికన్నా అవసరమైనది అదే. మన ఎండలకు గుండ్రటి పురుగుల గుడ్లు ఒక రోజులోనే పగిలి పిల్లలు బయటికి రావచ్చు కాబట్టి, అదే రోజు ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ముందు మీ మండలంలోని పశువుల ఆసుపత్రిలో అడుగుకు దించే పద్ధతిలో చూడమని అడగండి, అక్కడ వీలు లేకపోతే వారి చీటీతో జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపవచ్చు. మా జిల్లా రైతులకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గర. పశువును కదపలేని స్థితి వస్తే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు.

రంగుల అట్ట విషయం. అది దక్షిణాఫ్రికాలో గొర్రెల కోసం, ముఖ్యంగా హీమాంకస్ వల్ల వచ్చే రక్తహీనతను పట్టుకోవడానికి తయారైంది. గొర్రెల్లో, మేకల్లో అది నిజంగా ఉపయోగకరం. ఆవుల్లో దాని ఆధారంగా మందు వేయమని నేను చెప్పను. మన సంకరజాతి ఆవుల్లో కనురెప్ప పాలిపోవడానికి పిడుదుల ద్వారా వచ్చే థైలీరియా, బెబీసియా, అనాప్లాస్మా జబ్బులు కూడా కారణం కావచ్చు. కన్ను పాలిపోయి ఉంటే పేడతో పాటు చెవి నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజుపలక మీద పూత చేయించండి, రెండు పరీక్షలూ కలిస్తేనే సంగతి తేలుతుంది. అలాగే జలగల గుడ్లు దొరకకుండా పారుడు, బక్కచిక్కడం కొనసాగితే, జోనీస్ వ్యాధికి వేరే పరీక్ష చేయించాలి.

గుడ్లు లెక్కపెట్టే పద్ధతిని మెక్‌మాస్టర్ పద్ధతి అంటారు, 1939లో ఆస్ట్రేలియాలో గోర్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు దాన్ని గొర్రెల పేడ కోసం ప్రకటించారు. 3 గ్రాముల పేడను 42 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కలిపి, గీతలున్న రెండు గదుల గాజుపలకలో నింపి, రెండు గదుల్లో కనిపించిన గుడ్లను కూడి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. కానీ ఎదిగిన ఆవుల్లో ఈ అంకెకు నేను ఎక్కువ విలువ ఇవ్వను. ఏళ్ల తరబడి మేసిన ఆవులో రోగనిరోధక శక్తి వల్ల పురుగులు ఉన్నా గుడ్లు తక్కువగా పెడతాయి, పేడ పలుచనైతే అదే సంఖ్య ఇంకా తక్కువగా కనిపిస్తుంది. ఏడాదిలోపు పెయ్యల్లో, మొదటిసారి బయట మేతకు వెళ్లిన వాటిలో ఈ లెక్క చాలా ఉపయోగపడుతుంది. ఇంకొక పరిమితి ఉంది. హీమాంకస్, ట్రైకోస్ట్రాంగైలస్, కూపీరియా, ఈసోఫాగోస్టోమమ్ వంటి వాటి గుడ్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏది ఎంత ఉందో తెలియాలంటే పేడను వారం, పది రోజులు తేమగా ఉంచి పిల్లదశలను పెంచి చూడాలి. అందుకోసం పంపే పేడను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

ఈ లెక్క అందరికీ పనికివచ్చే చోటు ఇంకొకటి ఉంది, అది మందు పనిచేసిందో లేదో తెలుసుకోవడం. మందు ఇచ్చిన రోజున ఒకసారి, 14 రోజుల తర్వాత అవే పశువులకు ఇంకొకసారి లెక్కపెట్టి, గుడ్లు 95 శాతం కూడా తగ్గకపోతే పురుగులు ఆ మందుకు లొంగడం లేదని అనుమానించాలి. అలా అనుమానించే ముందు మోతాదు సరిపోయిందో లేదో చూడాలి. మన వాళ్లు ఆవు తూకాన్ని కంటితో అంచనా వేసి తక్కువ ఇస్తారు. భుజం ఎముక నుంచి పిరుదు ఎముక దాకా పొడవును అంగుళాల్లో కొలిచి, దాన్ని ఛాతీ చుట్టుకొలతతో రెండుసార్లు గుణించి 660తో భాగిస్తే తూకం దాదాపుగా కిలోల్లో వస్తుంది. పొడవు 55, చుట్టుకొలత 64 అంగుళాలు ఉన్న ఆవు సుమారు 340 కిలోలు తూగుతుంది, అలాంటి ఆవును 250 కిలోలని అనుకుని మందు ఇస్తే చావవలసిన పురుగుల్లో బలమైనవి మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది.

సమాధానం: పాడి నడిపే మహిళ, ప్రొద్దుటూరు దగ్గర

అన్నా, దూడల విషయంలో నా మాట ఒకటి వినండి. ఏలిక పాముల భయంతో దూడకు జున్నుపాలు మాన్పించమని కొందరు చెబుతారు, ఆ పని ఎప్పుడూ చేయవద్దు. జున్నుపాలు తాగని దూడ పురుగుల కన్నా ముందు వేరే జబ్బులతోనే పోతుంది. పాలు తాగనిచ్చి, డాక్టరు గారు చెప్పిన వయసులో మందు తాగించడమే సరైన దారి. ఇంకొకటి, నెల దాటిన దూడలకు పేడలో జిగురు, రక్తం కలిసి ముక్కుతూ పారుడు వస్తే అది ఏలిక పాము కాకపోవచ్చు, కాక్సిడియా కావచ్చు. దానికి నట్టల మందు పనిచేయదు. గుంపుగా కట్టేసిన తడి కొట్టంలోనే అది వ్యాపిస్తుంది కాబట్టి దూడలను పొడి నేల మీద విడివిడిగా కట్టేయండి, పేడను ఏ రోజుకా రోజు తీసివేయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

నాలుగు ఆవుల పేడను వేర్వేరు డబ్బాల్లో పంపించాము. అడుగుకు దించే పద్ధతిలో చూసి, పాలు తగ్గిన రెండు ఆవుల్లో పసుపు రంగు గుడ్లు, అంటే కార్జపు జలగ గుడ్లు ఉన్నాయని రాసిచ్చారు. బాగున్న రెండింటిలో రంగులేని పొట్ట జలగ గుడ్లు కొద్దిగా ఉన్నాయట. రక్తపు పూతలో ఏమీ కనిపించలేదు. బాగున్న వాటికి కూడా మందు వేయాలా అన్నది ఇప్పుడు మా సందేహం.

సమాధానం: పశువైద్యుడు, కడప జిల్లా

పెద్దపొట్టలో స్థిరపడిన పొట్ట జలగలు కొద్దిగా ఉన్నంత మాత్రాన ఎదిగిన ఆవుకు పెద్దగా హాని ఉండదు, గుడ్డు కనిపించడమే జబ్బు కాదు. కానీ మీ రెండు బాగున్న ఆవులు జబ్బు ఆవులతో పాటే అదే చెరువు అంచున మేశాయి, వాటిలో ఇంకా గుడ్లు పెట్టని కార్జపు జలగలు ఉండే అవకాశం ఉంది. కాబట్టి ఐదు ఆవులకు, మూడు ఎనుములకు కలిపి జలగల మందు వేయించడమే నా సలహా. ఆక్సీక్లోజనైడ్ ఎదిగిన కార్జపు జలగల మీదా పొట్ట జలగల మీదా పనిచేస్తుంది కానీ లేత కార్జపు జలగలను చంపలేదు. లేత వాటిని కూడా చంపే ట్రైక్లాబెండజోల్ ఉంది, అయితే పాలిచ్చే ఆవులకు, చూడి ఆవులకు ఏది ఇవ్వాలి, ఎన్ని రోజుల పాలు వాడకూడదు అన్నది పశువును చూసిన డాక్టరే నిర్ణయించాలి. పాలిచ్చేవాటికి ఇప్పుడు ఆక్సీక్లోజనైడ్ ఇస్తే, లేత జలగలు ఎదగడానికి సమయమిచ్చి, ఎనిమిది నుంచి పది వారాల తర్వాత మళ్లీ అదే పద్ధతిలో పేడ పరీక్ష చేయించి, అవసరమైతే రెండోసారి మందు వేయించండి. ఈలోగా పశువులను చెరువు అంచుకు తోలకండి. నీరు ఇంకుతున్న కొద్దీ చెరువు లోపలికి పచ్చిక పెరుగుతుంది, పశువులు అటే లాగుతాయి, జలగల పిల్లదశలు ఎక్కువగా ఉండేది కూడా ఆ తడి పచ్చికలోనే. అక్కడి గడ్డి కోసుకుని వేయక తప్పకపోతే, నీట మునిగిన మొదళ్లు వదిలి పైభాగం మాత్రమే కోసి, బాగా ఎండబెట్టి వేయండి.